సెకనుకు ఎంత?
చలనం నుంచి రేడియోధార్మికత దాకా బడి భౌతికశాస్త్రాన్ని ఒకే ప్రశ్నతో మళ్లీ చదువుకునే దారి

బడిలో నేర్పే భౌతికశాస్త్రంలో పాఠాలు చాలా ఉన్నా, వాటిలో ఎక్కువ పాఠాలకు మూలం ఒకే ప్రశ్న: ఒక రాశి సెకనుకు ఎంత మారుతోంది? దూరం సెకనుకు ఎంత పెరిగిందో చెబితే వడి. వేగం సెకనుకు ఎంత మారిందో చెబితే త్వరణం. ద్రవ్యవేగం మారే రేటు బలం. సెకనుకు జరిగే పని సామర్థ్యం. తీగలో ఒకచోట సెకనుకు దాటిపోయే ఆవేశం విద్యుత్ ప్రవాహం. సెకనుకు జరిగే కంపనాలు పౌనఃపున్యం. సెకనుకు విఘటనం చెందే కేంద్రకాల సంఖ్య రేడియోధార్మిక పదార్థపు క్రియాశీలత. తొమ్మిదో తరగతిలో చలనం, పదిలో విద్యుత్తు, ఇంటర్ రెండో సంవత్సరంలో కేంద్రకాలు వేర్వేరు పుస్తకాల్లో ఎదురవుతాయి. పరీక్షల ముందు వాటిని విడివిడి సూత్రాల జాబితాగా బట్టీ పడితే బరువు. ఈ ప్రశ్నను పట్టుకుని వెళితే అవి ఒకే శాస్త్రంగా కనిపిస్తాయి.

రాశికీ, అది మారే రేటుకూ ఉన్న తేడా తెలుగు పాఠకులకు కొత్తది కాదు. కృష్ణకు వరద వచ్చినప్పుడు జలాశయంలోకి వచ్చే నీటిని క్యూసెక్కుల్లో, నిల్వ ఉన్న నీటిని టీఎంసీల్లో చెబుతారు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అది రేటు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అది మొత్తం. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి 11,574 క్యూసెక్కుల ప్రవాహం ఒక రోజంతా సాగితే ఒక టీఎంసీ చేరుతుంది. రేటును కాలంతో గుణిస్తే మొత్తం వస్తుంది, మొత్తాన్ని కాలంతో భాగిస్తే రేటు వస్తుంది. ఈ రెండు లెక్కలూ చేతికి వస్తే పునశ్చరణలో సగం పని అయినట్టే.

చలనం: వేగానికీ ఒక వేగం

గంటకు 72 కిలోమీటర్ల వడితో వెళ్లే బస్సు సెకనుకు 20 మీటర్లు పోతుంది. కిలోమీటర్లు గంటల్లో ఇచ్చిన వడిని 5/18తో గుణిస్తే మీటర్లు సెకన్లలోకి మారుతుంది. లెక్క మొదలుపెట్టే ముందే ఈ మార్పిడి పూర్తి చేసుకోవాలి. వడికి దిశ ఉండదు, వేగానికి ఉంటుంది. గుండ్రటి దారిలో ఒకే వడితో తిరిగే బండి వేగం ప్రతి క్షణం మారుతూనే ఉంటుంది, ఎందుకంటే దాని దిశ మారుతోంది. వేగం మారుతోంది కాబట్టి దానికి త్వరణం ఉంది. ఈ ఒక్క మాట సరిగా అర్థమైతే వృత్తాకార చలనం పాఠం తేలిక.

పడే వస్తువుల చలనాన్ని కొలతలతో తేల్చినవాడు గెలీలియో. నేరుగా కింద పడే వస్తువు కాలాన్ని అప్పటి సాధనాలతో కొలవడం కుదరదు. అందుకని ఆయన వాలుపలక మీద గుండును దొర్లించి చలనాన్ని నెమ్మదిగా జరిగేలా చేశాడు. గుండు దొర్లినంత సేపు పాత్రలోంచి కారిన నీటిని తూచి కాలాన్ని లెక్కగట్టాడు. 1638లో అచ్చయిన పుస్తకంలో ఆ ఫలితాన్ని వివరించాడు. నిశ్చల స్థితి నుంచి బయలుదేరిన వస్తువు దాటే దూరం కాలవర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. గాలి నిరోధాన్ని పక్కన పెడితే భూమి మీద వదిలిన రాయి మొదటి సెకనులో 4.9 మీటర్లు, రెండో సెకనులో 14.7, మూడో సెకనులో 24.5 మీటర్లు పడుతుంది. వాటి నిష్పత్తి 1:3:5. దూరాలు ఇలా పెరుగుతున్నా వేగం మాత్రం ప్రతి సెకనుకూ సమానంగా, 9.8 మీటర్ల చొప్పున పెరుగుతుంది. స్థిర త్వరణం అంటే ఇదే.

పైకి విసిరిన బంతి గరిష్ఠ ఎత్తులో ఉన్నప్పుడు త్వరణం ఎంత అని అడిగితే చాలామంది విద్యార్థులు సున్నా అని రాస్తారు. అక్కడ సున్నా అయ్యేది వేగం. త్వరణం కిందివైపు 9.8గానే ఉంటుంది. వేగం లేని ఆ క్షణంలో త్వరణం కూడా లేకపోతే బంతి మళ్లీ కిందకు రాదు, అక్కడే నిలిచిపోతుంది.

మూడు చలన సమీకరణాల్లో నిత్యజీవితంలో ఎక్కువ పట్టించుకోవలసింది మూడోది, అంటే వేగవర్గాన్ని దూరంతో కలిపేది. బ్రేకు వేసినప్పుడు వేగం సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుంటే, సెకనుకు 10 మీటర్ల వేగంతో వెళ్లే బండి ఆగడానికి 10 మీటర్ల దూరం చాలు. 20 మీటర్ల వేగంతో వెళ్లే బండికి 40 మీటర్లు కావాలి. వేగం రెట్టింపయితే ఆగే దూరం నాలుగింతలు. అడ్డం వచ్చినదాన్ని చూసి డ్రైవరు కాలు బ్రేకు మీద పడేసరికి ఒక సెకను గడిచిందనుకుంటే, ఆ సెకనులో మొదటి బండి మరో 10 మీటర్లు, రెండోది మరో 20 మీటర్లు ముందుకు పోతాయి. వానకు తడిసిన రోడ్డు మీద ఘర్షణ తగ్గి ఆగే దూరం ఇంకా పెరుగుతుంది.

బలం: ద్రవ్యవేగం ఎంత త్వరగా మారింది?

న్యూటన్ 1687లో ప్రకటించిన మూడు సూత్రాల్లో మొదటిది జడత్వానిది. ఫలిత బలం లేనప్పుడు నిలకడగా ఉన్నది నిలకడగానే ఉంటుంది, కదిలేది అదే వేగంతో సరళరేఖలో సాగుతుంది. కదలిక కొనసాగడానికి బలం అక్కర్లేదు, కదలిక మారడానికే కావాలి. తొక్కడం ఆపిన సైకిలు కాసేపటికి ఆగడానికి కారణం ఘర్షణ, గాలి నిరోధం.

రెండో సూత్రాన్ని బలం = ద్రవ్యరాశి × త్వరణం అని రాసుకోవడం అలవాటు. ద్రవ్యవేగం మారే రేటే బలం అని గుర్తుంచుకుంటే దాని అర్థం ఇంకా స్పష్టమవుతుంది. సెకనుకు 20 మీటర్ల వేగంతో వెళ్లే కారులో 60 కిలోల మనిషి ద్రవ్యవేగం 1,200 యూనిట్లు. కారు మామూలుగా బ్రేకు వేసి 4 సెకన్లలో ఆగితే అతని మీద పనిచేసే సగటు బలం 300 న్యూటన్లు. ఢీకొని 0.1 సెకనులో ఆగితే అది 12,000 న్యూటన్లు. పోయిన ద్రవ్యవేగం రెండు సందర్భాల్లోనూ ఒకటే, మారింది కాలం. సీటు బెల్టు, ఎయిర్‌బ్యాగు, హెల్మెట్ లోపలి మెత్తటి పొర చేసే పని ఆ కాలాన్ని కొంచెం పొడిగించి, బలాన్ని ఒకే చోట పడకుండా పరచడం. ఆ కొద్దిపాటి కాలమే ప్రాణం నిలబెడుతుంది.

మూడో సూత్రంలో తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. చర్య, ప్రతిచర్య సమానమైతే అవి రద్దయిపోవాలి కదా అనుకుంటారు. అవి రెండు వేర్వేరు వస్తువుల మీద పనిచేస్తాయి కాబట్టి రద్దు కావు. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3ను మోసుకెళ్లిన ఎల్‌వీఎం3 రాకెట్ బయలుదేరేటప్పుడు దాదాపు 640 టన్నులు. రాకెట్ వాయువులను కిందికి నెడుతుంది, వాయువులు రాకెట్‌ను పైకి నెడతాయి. ఆ పైకి నెట్టే బలం సుమారు 63 లక్షల న్యూటన్ల బరువును మించినప్పుడే రాకెట్ లేస్తుంది. ఇంధనం మండేకొద్దీ ద్రవ్యరాశి తగ్గుతుంది కాబట్టి అదే బలానికి త్వరణం పెరుగుతూ పోతుంది.

ద్రవ్యరాశి, బరువు ఒకటి కావన్న విషయానికి చంద్రుడే మంచి ఉదాహరణ. అక్కడ గురుత్వ త్వరణం సుమారు 1.6. 60 కిలోల మనిషి అక్కడా 60 కిలోలే, బరువు మాత్రం 588 న్యూటన్ల నుంచి దాదాపు 96కు తగ్గుతుంది. 1971లో అపోలో-15 యాత్రికుడు డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద సుత్తినీ పక్షి ఈకనూ ఒకేసారి వదిలితే రెండూ ఒకేసారి నేలను తాకాయి. గాలి లేని చోట పతనం ద్రవ్యరాశి మీద ఆధారపడదని ప్రపంచమంతా చూసింది.

శక్తి, సామర్థ్యం: రెండూ ఒకటి కావు

50 కిలోల విద్యార్థి 3 మీటర్ల ఎత్తు మేడ ఎక్కితే గురుత్వానికి వ్యతిరేకంగా చేసిన పని 1,470 జౌళ్లు. నెమ్మదిగా ఎక్కినా, పరుగెత్తినా ఆ పనిలో తేడా లేదు. 10 సెకన్లలో ఎక్కితే సామర్థ్యం 147 వాట్లు, 5 సెకన్లలో ఎక్కితే 294 వాట్లు. జౌల్ మొత్తాన్ని చెబుతుంది, వాట్ సెకనుకు ఎన్ని జౌళ్లో చెబుతుంది.

శక్తి పుట్టదు, నశించదు, రూపం మారుతుంది. ఒక ఘనపు మీటరు నీరు 80 మీటర్లు కిందికి దిగితే 7.84 లక్షల జౌళ్ల స్థితిజశక్తి వేరే రూపంలోకి వస్తుంది. జలవిద్యుత్ కేంద్రంలో అది ముందు నీటి గతిజశక్తిగా, తర్వాత టర్బైన్ తిరుగుడుగా, చివరకు విద్యుత్తుగా మారుతుంది. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరున్నాయి. మొత్తం 900 మెగావాట్లు, అంటే సెకనుకు 90 కోట్ల జౌళ్లు. ఈ యంత్రాలు వెనక్కి తిరిగి నీటిని పైకి కూడా తోడగలవు. అప్పుడు విద్యుత్తు మళ్లీ స్థితిజశక్తిగా నిల్వ అవుతుంది. ప్రతి మార్పిడిలోనూ కొంత శక్తి ఉష్ణంగా చెదిరిపోతుంది కాబట్టి పెట్టినంతా తిరిగి రాదు.

విద్యుత్తు: ఆవేశం లెక్క

సెకనుకు ఒక కూలుంబ్ ఆవేశం దాటితే అది ఒక ఆంపియర్. అంటే ఆ చోటును సెకనుకు సుమారు 6.24 × 10¹⁸ ఎలక్ట్రాన్లు దాటుతున్నాయి. సంఖ్య ఇంత పెద్దదైనా, తీగలో ఎలక్ట్రాన్ల సగటు ముందడుగు సెకనుకు మిల్లీమీటరు కంటే తక్కువే. స్విచ్ వేయగానే దీపం వెలగడానికి కారణం తీగంతటా విద్యుత్ క్షేత్రం దాదాపు తక్షణం ఏర్పడి, అన్నిచోట్లా ఉన్న ఎలక్ట్రాన్లు ఒకేసారి కదలడం.

ఓల్టు మాత్రం సెకనుకు సంబంధించినది కాదు. ఒక్కో కూలుంబ్ ఎన్ని జౌళ్ల శక్తిని ఇస్తుందో అది చెబుతుంది. ఇక్కడే ఒక సూత్రం దానంతట అదే తేలుతుంది. కూలుంబ్‌కు ఎన్ని జౌళ్లు, సెకనుకు ఎన్ని కూలుంబ్‌లు అన్న రెండింటినీ గుణిస్తే కూలుంబ్‌లు కొట్టుకుపోయి సెకనుకు ఎన్ని జౌళ్లో మిగులుతుంది. అదే సామర్థ్యం = ఓల్టేజీ × విద్యుత్ ప్రవాహం. ప్రమాణాలు రాసుకుంటే సూత్రాన్ని కంఠస్థం చేయాల్సిన పనే లేదు.

2,000 వాట్ల గీజరు 230 ఓల్టుల సరఫరా మీద సుమారు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. దాని నిరోధం సుమారు 26 ఓమ్‌లు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు తీసుకునేది 0.04 ఆంపియర్లే. గీజరుకు లావు తీగ, 16 ఆంపియర్ల సాకెట్టు ఎందుకో ఈ రెండు అంకెలే చెబుతాయి. తీగలో పుట్టే ఉష్ణం ప్రవాహ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. సన్నటి తీగకు నిరోధం ఎక్కువ, అందుకే అది ముందు వేడెక్కుతుంది.

కరెంటు బిల్లులోని యూనిట్ అంటే కిలోవాట్-గంట, 36 లక్షల జౌళ్లు. కిలోవాట్ రేటు, యూనిట్ మొత్తం. 75 వాట్ల ఫ్యాను పది గంటలు తిరిగితే 0.75 యూనిట్లు, 2,000 వాట్ల గీజరు అరగంట పనిచేస్తే ఒక యూనిట్. వాట్లు ఎక్కువున్న పరికరం కన్నా ఎక్కువ సేపు నడిచే పరికరం బిల్లును పెంచే సందర్భాలు ఉంటాయి.

1827లో ఓమ్ ప్రకటించిన నియమానికి ఒక షరతు ఉంది: ఉష్ణోగ్రత మారకూడదు. అలా ఉంటేనే లోహపు తీగకు ఓల్టేజీ, ప్రవాహాల గ్రాఫు సరళరేఖ అవుతుంది. పాతరకం బల్బు ఫిలమెంటు వేడెక్కేకొద్దీ నిరోధం పెరిగి ఆ రేఖ వంగుతుంది. 6 ఓమ్‌ల నిరోధాలు రెండింటిని శ్రేణిలో కలిపితే 12, సమాంతరంగా కలిపితే 3. సమాంతరంలో ప్రవాహానికి మరో దారి దొరుకుతుంది కాబట్టి మొత్తం నిరోధం తగ్గుతుంది. ఇంట్లో అన్నీ సమాంతరంగానే ఉంటాయి. ప్రతిదానికీ పూర్తి 230 ఓల్టులు అందుతాయి, ఒకటి ఆపినా మిగతావి నడుస్తాయి. ఒకే ప్లగ్గుకు చాలా పరికరాలు తగిలిస్తే ఆ తీగలో ప్రవాహం పెరిగి నిప్పంటుకునే ప్రమాదం కూడా ఇందులోంచే వస్తుంది. ఫ్యూజు, ఎంసీబీ ఫేజు తీగలోనే ఉండాలి. పరికరం లోహపు తొడుగుకు ఎర్త్ ఉండాలి.

1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ అచ్చంగా రేటుకు సంబంధించిన నియమం. తీగచుట్టలో ఎంత బలమైన అయస్కాంతం పెట్టినా కదలకుండా ఉంచితే ప్రవాహం పుట్టదు. తీగచుట్ట గుండా పోయే అయస్కాంత అభివాహం మారితేనే ఓల్టేజీ పుడుతుంది. ఎంత త్వరగా మారితే అంత ఎక్కువ పుడుతుంది. జనరేటరు, ట్రాన్స్‌ఫార్మరు రెండూ దీని మీదే నడుస్తాయి. మన ఇళ్లకు వచ్చే ఏకాంతర విద్యుత్తు పౌనఃపున్యం 50 హెర్ట్‌జ్. దాని దిశ సెకనుకు వంద సార్లు మారుతుంది. ట్రాన్స్‌ఫార్మరుతో ఓల్టేజీని పదింతలు చేస్తే అదే సామర్థ్యానికి ప్రవాహం పదో వంతు చాలు, తీగల్లో ఉష్ణ నష్టం వందో వంతుకు పడిపోతుంది. దూరాలకు విద్యుత్తును అధిక ఓల్టేజీతో పంపడానికి ఇదే కారణం.

తరంగాలు: రెండు అంకెల లబ్ధం

తరంగ వేగం = పౌనఃపున్యం × తరంగదైర్ఘ్యం. సెకనుకు ఎన్ని తరంగాలు, ఒక్కో తరంగం పొడవు ఎంత అన్నవి గుణిస్తే సెకనుకు ఎన్ని మీటర్లో వస్తుంది. 738 కిలోహెర్ట్‌జ్ మీద వినిపించే హైదరాబాద్ ఆకాశవాణి కేంద్రం మీడియం తరంగం పొడవు సుమారు 407 మీటర్లు, 837 మీద వినిపించే విజయవాడ కేంద్రానిది సుమారు 358 మీటర్లు. వేగం రెండింటికీ సెకనుకు 3 లక్షల కిలోమీటర్లే కాబట్టి పౌనఃపున్యం పెరిగితే పొడవు తగ్గుతుంది. గాలిలో ధ్వని వేగం సెకనుకు దాదాపు 340 మీటర్లు. మెరుపు కనిపించాక ఉరుము వినపడడానికి 3 సెకన్లు పడితే అది సుమారు కిలోమీటరు దూరంలో పడినట్టు. రేడియో తరంగాల నుంచి కాంతి, ఎక్స్ కిరణాల మీదుగా పౌనఃపున్యం పెరుగుతూ పోతే చివర వచ్చేవి గామా కిరణాలు. అవి కేంద్రకాల్లోంచి వస్తాయి.

రేడియోధార్మికత: తగ్గుతూ పోయే రేటు

1896లో పారిస్‌లో హెన్రీ బెక్వెరల్ యురేనియం లవణాలను నల్ల కాగితంలో చుట్టిన ఫొటో ప్లేటు మీద పెట్టి డ్రాయరులో ఉంచాడు. ఎండ తగలకపోయినా ప్లేటు మీద ముద్ర పడింది. 1898లో మేరీ క్యూరీ, పియరీ క్యూరీ పొలోనియం, రేడియం మూలకాలను కనుగొన్నారు. యురేనియం ఏ సమ్మేళనంలో ఉన్నా కిరణాల తీవ్రత దాని పరిమాణాన్ని బట్టే ఉంటుందని మేరీ క్యూరీ గుర్తించారు. దాంతో ఇది పరమాణువుల లక్షణమే తప్ప రసాయన చర్య కాదని తేలింది. 1911లో రూథర్‌ఫర్డ్ పరమాణువు మధ్యలో అతి చిన్న కేంద్రకం ఉందని చెప్పాక ఆ లక్షణం ఎక్కడిదో తెలిసింది.

ఆల్ఫా కణం హీలియం కేంద్రకం. అది వెలువడితే ద్రవ్యరాశి సంఖ్య 4, పరమాణు సంఖ్య 2 తగ్గుతాయి. యురేనియం-238 థోరియం-234 అవుతుంది. బీటా విఘటనంలో ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారి ఎలక్ట్రాన్ బయటికి వస్తుంది. ద్రవ్యరాశి సంఖ్య మారదు, పరమాణు సంఖ్య ఒకటి పెరుగుతుంది. కార్బన్-14 నైట్రోజన్-14 అవుతుంది. గామా కిరణం వెలువడితే రెండు సంఖ్యలూ మారవు. ఆల్ఫాను కాగితం ఆపుతుంది, బీటాను కొన్ని మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు ఆపుతుంది, గామాను తగ్గించడానికి మందపాటి సీసం లేదా కాంక్రీటు కావాలి. బయట ఉన్నప్పుడు చర్మాన్ని దాటలేని ఆల్ఫా, దాని మూలపదార్థం ఊపిరితో లోపలికి వెళితే అన్నిటికన్నా హాని చేస్తుంది.

సెకనుకు ఒక విఘటనం ఒక బెక్వెరల్. ఇప్పటిదాకా చూసిన రేట్లకూ దీనికీ ఒక తేడా ఉంది. వేడి చేసినా, నొక్కినా రేడియోధార్మిక రేటు మారదు. ఏ కేంద్రకం ఎప్పుడు విఘటనం చెందుతుందో ముందుగా చెప్పలేం. కోట్ల కొద్దీ కేంద్రకాలు ఉన్నప్పుడు మాత్రం వాటిలో సగం ఎంత కాలంలో పోతాయో కచ్చితంగా చెప్పగలం. అదే అర్ధాయువు. అయోడిన్-131 అర్ధాయువు 8 రోజులు. 800 బెక్వెరళ్లు 8 రోజులకు 400, 16 రోజులకు 200, 24 రోజులకు 100 అవుతాయి. రెండు అర్ధాయువులకు అంతా అయిపోతుందని అనుకోవడం పొరపాటు. మిగిలినదాంట్లో సగం పోతుంది తప్ప మొదట ఉన్నదాంట్లో సగం కాదు.

లెక్కల్లో నేపథ్య వికిరణాన్ని మరిచిపోకూడదు. రాళ్లు, నేల, అంతరిక్షం నుంచి కిరణాలు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. శ్రీకాకుళం నుంచి భీమునిపట్నం దాకా తీరపు ఇసుకలో దొరికే మోనజైట్‌లో థోరియం ఉంటుంది. కౌంటరు నిమిషానికి 840 చూపిస్తే, అందులో 40 నేపథ్యానివైతే, అసలు లెక్క 800. ఒక అర్ధాయువు తర్వాత అది 400 అవుతుంది, కౌంటరు మాత్రం 440 చూపిస్తుంది. 420 అని రాస్తే తప్పు.

ఏ పనికి ఏ ఐసోటోపు అన్నది అర్ధాయువే నిర్ణయిస్తుంది. ఆస్పత్రుల్లో స్కానింగ్‌కు వాడే టెక్నీషియం-99ఎం అర్ధాయువు 6 గంటలు. పరీక్ష పూర్తయ్యేదాకా ఉంటుంది, తర్వాత త్వరగా తగ్గిపోతుంది. కార్బన్-14కు 5,730 ఏళ్లు కాబట్టి పాత కొయ్య, ఎముకల వయసు తెలుసుకోవడానికి పనికొస్తుంది. సుమారు 450 కోట్ల ఏళ్ల అర్ధాయువున్న యురేనియం-238తో శిలల వయసు కడతారు.

1938 చివర జర్మనీలో హాన్, స్ట్రాస్‌మన్ ప్రయోగాలతో యురేనియం కేంద్రకం రెండుగా చీలుతుందని బయటపడింది. లీజ్ మైట్నర్, ఫ్రిష్ దాన్ని వివరించారు. ఆ శాస్త్రానికి తెలుగు నేలతో నేరుగా సంబంధం ఉంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. హైదరాబాద్‌లో 1971లో మొదలైన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ మన రియాక్టర్లకు ఇంధన కడ్డీలు తయారుచేస్తోంది. పశ్చిమ గోదావరిలోని గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద విదేశాల్లో బీటా కిరణాల మీద పరిశోధించి వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్ర ప్రయోగశాలను నెలకొల్పారు.

పునశ్చరణకు నాలుగు గ్రాఫులు

పుస్తకం మూసి నాలుగు గ్రాఫులు గీయగలిగితే ఈ పాఠాలన్నీ చేతిలో ఉన్నట్టే. మొదటిది దూరం-కాలం గ్రాఫు. దాని వాలు వడి. రెండోది వేగం-కాలం గ్రాఫు. వాలు త్వరణం, కింది వైశాల్యం స్థానభ్రంశం. మూడోది లోహపు తీగకు ఓల్టేజీ నిలువు అక్షం మీద, ప్రవాహం అడ్డ అక్షం మీద ఉన్న గ్రాఫు; వాలు నిరోధం. నాలుగోది క్రియాశీలత-కాలం గ్రాఫు. అది సరళరేఖ కాదు, సమాన కాలాల్లో సగం సగం అవుతూ దిగే వక్రరేఖ. దాని మీద ఏ బిందువు నుంచి మొదలుపెట్టి చూసినా సగానికి పట్టే కాలం ఒకటే.

గ్రాఫు గీశాక మూడు పనులు చేయాలి: అక్షాల మీద ప్రమాణాలు రాయాలి, వాలుకు ప్రమాణం ఏమిటో భాగించి తేల్చాలి, వైశాల్యానికి అర్థం ఉందేమో గుణించి చూడాలి. సామర్థ్యం-కాలం గ్రాఫు కింది వైశాల్యం శక్తి, ప్రవాహం-కాలం గ్రాఫు కింది వైశాల్యం ఆవేశం, క్రియాశీలత-కాలం గ్రాఫు కింది వైశాల్యం ఆ వ్యవధిలో విఘటనం చెందిన కేంద్రకాల సంఖ్య. పరీక్షలో సూత్రం గుర్తు రానప్పుడు ప్రమాణాలను రాసి గుణించి, భాగించి చూస్తే చాలాసార్లు అది తిరిగి దొరుకుతుంది. జవాబు వచ్చాక అదే పద్ధతితో మరోసారి సరిచూసుకుంటే, మీటర్లు రావలసిన చోట సెకన్లు వచ్చిన తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది.